పంపుకి సోలార్ వచ్చింది, పురుగుల షెడ్డుకి ఎప్పుడు?



పోయిన నెల మన గ్రూపులో సోలార్ సబ్సిడీ గురించి చానామంది అడిగారు. "అన్నా, ఇది నిజమా మోసమా?" అని ఒకరు. "ఉచిత కరెంటు ఉండగా దుడ్డు పెట్టి సోలార్ ఎందుకు?" అని ఇంకొకరు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఇక్కడే రాస్తే మేలనిపించింది. నేను ఎస్సెస్సెల్సీతో బడి మానేసినవాణ్ణి. ఇరవై రెండేళ్లుగా పురుగులు మేపుతున్నాను. తప్పులుంటే దిద్దండి.

ముందు ఒక పంట సంగతి చెప్పాలి. రెండేళ్ల కింద ఏప్రిల్ చివర్లో 200 గుడ్ల బైవోల్టిన్ పంట పెట్టినాను. చాకీ బాగా వచ్చింది. నాలుగో జ్వరం కూడా ఒకేసారి లేచినాయి. ఐదో దశ మూడో రోజు సాయంత్రం పెద్ద గాలివాన. వాన పడింది పావుగంటే, గాలి మాత్రం కొబ్బరిచెట్లను వంచేసింది. మా తోట పక్క ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఎవరి తప్పూ కాదు, పిడుగుకి ఎవరేం చేస్తారు. కానీ అది మార్చేదానికి రెండున్నర రోజు పట్టింది. ఆ రెండున్నర రోజూ మళ్లీ ఎండ మండింది. షెడ్డులో గోడకి తగిలించిన మీటర్లో మధ్యాహ్నం ముప్పై ఏడు. ఐదో దశ పురుగుకి ఇరవై నాలుగు, ఇరవై ఐదు డిగ్రీలు కావాలని మనందరికీ తెలుసు. కూలర్ లేదు, ఫాగర్ లేదు. నేనూ మా ఆవిడా గోనెపట్టాలు తడిపి కిటికీలకు కట్టినాము, నేలంతా నీళ్లు చల్లినాము, బిందెలు మోసి మోసి నడుము పడిపోయింది. మూడో రోజు పొద్దున పురుగులు ఆకు ముట్టడం మానేసినాయి. చేత్తో పట్టుకుంటే మెత్తగా ఉన్నాయి. సప్పె రోగం. నూట నలభై కిలోలు రావలసిన చోట నలభై ఎనిమిది కిలోల గూళ్లు విజయపుర మార్కెట్టుకి తీసుకుపోయినాను. అందులోనూ సగం పలచటి గూళ్లే.

ఆ రెండున్నర రోజూ మా బావమరిది తోటలో సోలార్ పంపు ప్యానెళ్లు ఎండకి తళతళా మెరుస్తూ ఖాళీగా నిలబడి ఉన్నాయి. వాళ్ల పురుగుల షెడ్డు వాటికి రెండువందల అడుగుల దూరంలోనే ఉంది. దాంట్లోనూ పురుగులు అలాగే వాడిపోయినాయి. ఆ రోజు నుంచి ఈ విషయం నా మనసులో కూర్చునింది.

ఇప్పుడు పథకాల సంగతి. కేంద్ర ప్రభుత్వం 2019లో పీఎం కుసుమ్ అని ఒక పథకం తెచ్చింది. దాంట్లో మూడు భాగాలు. ఏ అంటే బీడు భూముల్లో సోలార్ ప్లాంట్లు. బి అంటే కరెంటు లైనుతో సంబంధం లేని సోలార్ పంపులు. సి అంటే ఇప్పటికే లైను మీద ఉన్న పంపులకు సోలార్ కరెంటు. మనలో చానామంది అడిగేది బి గురించే. అందులో కేంద్రం వాటా వందకు 30. కర్ణాటక ప్రభుత్వం మొదట 30 ఇస్తూ ఉండి, తరువాత దాన్ని 50కి పెంచింది. అంటే రూపాయిలో ఎనభై పైసలు ప్రభుత్వాలవి, ఇరవై పైసలు రైతువి. అర్జీ సౌరమిత్ర అనే పోర్టల్లో పెట్టాలి, దాన్ని చూసేది క్రెడెల్ సంస్థ. ఆధార్, పహణీ, బ్యాంకు పాసుబుక్కు చేతిలో పెట్టుకోండి. పెట్టిన కంపెనీయే ఐదేళ్లు మరమ్మతు చూడాలని నియమం ఉంది, ఆ కాగితం తీసుకోకుండా సంతకం పెట్టవద్దు.

మోసమా అని అడిగినవాళ్లకు: పథకం మోసం కాదు, కానీ పథకం పేరుతో మోసాలు ఉన్నాయి. కుసుమ్ అని పేరు పెట్టుకున్న దొంగ వెబ్‌సైట్లు రిజిస్ట్రేషన్ ఫీజు అని డబ్బు లాగుతున్నాయని కేంద్ర మంత్రిత్వ శాఖే చాలాసార్లు హెచ్చరించింది. మా ఊరికి కూడా ఒకాయన టై కట్టుకుని వచ్చి, "సబ్సిడీ గ్యారంటీ, ఐదువేలు అడ్వాన్సు" అన్నాడు. ఇచ్చినవాళ్లు ముగ్గురు. ఆయన మళ్లీ కనపడలేదు. వాట్సాపులో లింకు వచ్చిందని నొక్కేయకండి, మన గ్రూపులో వచ్చినా సరే.

ఇంక ఉచిత కరెంటు మాట. పది హెచ్.పి. వరకు పంపుకి మన రాష్ట్రంలో బిల్లు లేదు. నిజమే. కానీ ఆ కరెంటు రోజుకి ఏడు గంటలు, అదీ ఎప్పుడు ఇస్తే అప్పుడు. రాత్రి రెండు గంటలకు టార్చి పట్టుకుని స్టార్టర్ దగ్గరికి పోయేటప్పుడు కాలి కింద ఏముందో దేవుడికే తెలియాలి. మా చిన్నాయన ఒకసారి కట్లపాము మీద కాలు పెట్టబోయి తప్పించుకున్నాడు. పగటి కరెంటు విలువ ఆ అనుభవం ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పైగా లైనుకి ఐదువందల మీటర్ల కన్నా దూరంలో ఉన్న పంపుకి కరెంటు లైను కాదు, సోలారే అని రాష్ట్రం విధానం పెట్టుకుంది. అలాంటి తోట ఉన్నవాళ్లకు ఆలోచించేదానికి ఏమీ లేదు.

కానీ మన సీమ సంగతి వేరు. బోరు వెయ్యి అడుగులు, పన్నెండువందల అడుగులు పోతా ఉంది. కేంద్రం సబ్సిడీ లెక్క 7.5 హెచ్.పి. దగ్గర ఆగిపోతుంది. అంతకన్నా పెద్ద పంపు పెట్టుకుంటే సబ్సిడీ మాత్రం 7.5కి లెక్కకట్టి ఇస్తారు. వెయ్యి అడుగుల లోతు నుంచి ఆ పంపు నీళ్లు ఎత్తుతుందా? ఎత్తదు. ఇంకో నియమం కూడా ఉంది. భూగర్భజలాలు అతిగా తోడేసిన తాలూకాల్లో కొత్త సోలార్ పంపులకు సాయం లేదు, పాత డీజిల్ ఇంజన్ తీసేసి సోలార్ పెట్టుకుంటేనే, అదీ డ్రిప్ ఉంటేనే అని కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది. మన దొడ్డబళ్ళాపురం ఆ అతిగా తోడేసిన లెక్కలోనే ఉంది. ఈ నియమం మీద నాకు కోపం లేదు. ఎండ ఉచితం, పంపు ఉచితం అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తోడతానే ఉంటాము. మన గుణం మనకు తెలియదా?

మా బావమరిదికి ఎలా వచ్చిందంటే, ఆయనకు కృషి భాగ్య పథకంలో తవ్వుకున్న కృషి హొండ ఉంది. ప్లాస్టిక్ షీటు వేసిన నీటిగుంట అది. దాని మీద పాత డీజిల్ ఇంజన్ ఉండేది. దాన్ని తీసేసి ఐదు హెచ్.పి. సోలార్ పంపు పెట్టుకున్నాడు. గుంట లోతు తక్కువ కాబట్టి పంపు సునాయాసంగా లాగుతుంది. ఎకరాన్నర మల్బరీ, డ్రిప్ ఉంది. రోజు విడిచి రోజు మూడు గంటలు నీళ్లు కడతాడు. ఐదు హెచ్.పి. పంపుకి 4,800 వాట్ల దాకా ప్యానెళ్లు ఉంటాయి. మూడు గంటల తరువాత, నీళ్లు కట్టని రోజున పూర్తిగా, అదంతా వృథా. వానలు పడే నెలల్లో ఇంకా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు షెడ్డుకి ఎంత కావాలో లెక్క చూడండి. నా షెడ్డు ఇరవైకి యాభై. రెండు కూలర్లు కలిపి 400 వాట్లు. ఫాగర్ మోటారు అర హెచ్.పి., అదీ అప్పుడప్పుడు. రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు. అన్నీ ఒకేసారి వేసినా వెయ్యి వాట్లు దాటదు. అంటే పంపు కోసం పెట్టిన ప్యానెళ్లలో ఐదో వంతు చాలు. మన పురుగుకి ఎండ ఎప్పుడు శత్రువో అప్పుడే ప్యానెల్ గట్టిగా పనిచేస్తుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా షెడ్డు చల్లగా పెట్టగలిగితే వేసవి పంట మూడు వంతులు గెలిచినట్టే. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు.

మరి బావమరిది ప్యానెళ్ల నుంచి షెడ్డుకి తీగ లాగితే పోదా? పోదు. సోలార్ పంపు కంట్రోలర్ పంపుని మాత్రమే నడిపిస్తుంది. వేరే మోటారు తగిలిస్తే కంట్రోలర్ కాలిపోతుంది, వారంటీ పోతుంది. దీనికి మందు లేదా అంటే ఉంది. యూనివర్సల్ సోలార్ పంప్ కంట్రోలర్ అని ఒకటి ఉంది. దాంతో పంపు ఆపినప్పుడు అదే ప్యానెళ్ల మీద చాఫ్ కట్టర్, పిండిమర, డ్రయ్యర్, కోల్డ్ స్టోరేజీ, బ్యాటరీ చార్జర్ నడపవచ్చని కుసుమ్ మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. రైతు కావాలంటే పెట్టుకోవచ్చు. కానీ సబ్సిడీ మాత్రం మామూలు కంట్రోలర్ ఉన్న పంపు ధరకే. పైన పడే ఖర్చు మొత్తం రైతుదే.

నాకు అర్థం కానిది ఇదే. 4,800 వాట్ల ప్యానెళ్లకు రూపాయిలో ఎనభై పైసలు ఇచ్చే ప్రభుత్వం, ఆ ప్యానెళ్లు ఏడాది పొడుగునా పనిచేసేలా చేసే ఆ ఒక్క పెట్టెకు ఎందుకు చెయ్యి బిగబట్టింది? పిండిమర పేరు రాశారు, చాఫ్ కట్టర్ పేరు రాశారు. కర్ణాటకలో ఇన్ని వేల కుటుంబాలు పట్టు మీద బతుకుతున్నాయి, పురుగుల షెడ్డు పేరు ఎవరికీ గుర్తుకు రాలేదు. మనం అడగలేదు కాబట్టి గుర్తుకు రాలేదు అని నా అనుమానం.

ఇంకో వైపు చూడండి. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ వచ్చింది. ఇంటి కప్పు మీద మూడు కిలోవాట్లు పెట్టుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ. మంచిదే. కానీ అది నివాస గృహాలకు. మన ఇళ్లలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు బిల్లే లేదు. మా ఇంట్లో నెలకు డెబ్బై యూనిట్లు కూడా కాలవు. పంపుకి బిల్లు లేదు. పట్టణంలో మన గూళ్ల దారంతోనే చీరలు నేసే పవర్‌లూమ్ మగ్గాలకు పది హెచ్.పి. వరకు కరెంటు రాయితీ ఇచ్చారు, వాళ్లకు అది న్యాయమే, వాళ్ల కష్టం నాకు తెలుసు. తోటకి ఉంది, ఇంటికి ఉంది, మగ్గానికి ఉంది. మధ్యలో పురుగు ఉండే షెడ్డుకి నెల నెలా బిల్లు కట్టేది నేను. సోలార్ కావాలని ఆఫీసుల్లో అడిగితే పంపు అర్జీ చూపించారు, ఇంటి అర్జీ చూపించారు. షెడ్డు అర్జీ ఏదని అడిగితే, "షెడ్డు ఇల్లు కాదు కదా" అన్నారు. పంపూ కాదు. మరి ఏమిటి అది?

నేను ఆ పంట పోయిన తరువాత మా ఆవిడ గాజులు కుదవ పెట్టి సొంతంగా నాలుగు ప్యానెళ్లు, రెండు బ్యాటరీలు పెట్టుకున్నాను. లక్షకు కొంచెం తక్కువ అయింది. షెడ్డు కప్పు రేకులది, బరువు మోయదు. అందుకని పక్కన ఇనుప ఫ్రేము వేరే కట్టించినాను, ఆ ఖర్చు ఎవరూ ముందు చెప్పరు, లెక్కలో వేసుకోండి. పగలు కూలర్లు దాని మీదనే తిరుగుతాయి. రాత్రి కరెంటు పోతే నాలుగు గంటలు లాగుతాయి. పోయిన వేసవిలో రెండు పంటలు తీసినాను. రెండూ నూట ముప్పై కిలోలు దాటినాయి. అదంతా సోలార్ వల్లనే అనను. ఆకు బాగుంది, చాకీ బాగుంది. కానీ మధ్యాహ్నం పూట షెడ్డులో ఇరవై ఎనిమిది దాటలేదు. గాజులు ఇంకా విడిపించలేదు. ఆ సంగతి మా ఆవిడ ఈ పత్రిక చదివి గుర్తు చేస్తుంది, చేయనీ.

ఇక సి భాగం. 2025 జూన్‌లో మన పక్క గౌరిబిదనూరు తాలూకా తొండేభావి దగ్గర ముఖ్యమంత్రి సిద్దరామయ్య దాన్ని ప్రారంభించారు. సబ్‌స్టేషన్ దగ్గర సోలార్ ప్లాంటు పెట్టి, పంపుల ఫీడర్‌కి పగలే కరెంటు ఇస్తారు. రైతు పైసా కట్టక్కర్లేదు, ప్యానెల్ తుడవక్కర్లేదు, దొంగల భయం లేదు. పంపు వరకు చూస్తే లోతు బోర్లున్న మనకు బి కన్నా ఇదే మేలని నేను అనుకుంటాను. కానీ ఇది కూడా ఏడు గంటల మాటే. తోటలో షెడ్డు కట్టుకున్న మనలాంటివాళ్లకు పంపుల లైనే దిక్కు. ఊరి లైనులా అది రోజంతా ఉండదు. పగలు ఏడు గంటలు వచ్చి ఆగిపోతే సాయంత్రం ఆరుకి ఆకు వేసేటప్పుడు మళ్లీ చీకటే.

పాత సంగతి ఒకటి గుర్తు చేయాలి. కనకపుర తాలూకా హారోబెలెలో పదేళ్ల కింద సూర్యరైత అని పథకం పెట్టారు. మూడువందలకు పైగా పంపులకు ప్యానెళ్లు పెట్టి, పంపుకి పోగా మిగిలిన కరెంటుని రైతు గ్రిడ్‌కి అమ్ముకునేలా చేశారు. రైతులు సహకార సంఘం కట్టుకున్నారు. అదీ పట్టు పండే సీమే. ప్యానెల్ ఖాళీగా నిలబడకూడదు అనే తెలివి పదేళ్ల కిందటే మన రాష్ట్రంలో ఉండింది. అక్కడ మిగిలింది గ్రిడ్‌కి పోయింది. మనకు గ్రిడ్‌కి అమ్మేంత ఆశ లేదు, పక్కనున్న షెడ్డుకి పోతే చాలు.

తెలంగాణలో 2025 మే నెలలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. గిరిజన రైతులకు నూటికి నూరు సబ్సిడీతో సోలార్ పంపు. అక్కడ నాకు నచ్చింది ఉచితం అన్నది కాదు. పంపుని ఒంటిగా చూడకుండా బోరు, డ్రిప్, పండ్ల తోట అన్నీ కలిపి ఒకే పనిగా చూశారు. పట్టుకి కూడా అలాగే చూడాలి. మల్బరీ ఒక పంట, పురుగు ఇంకో పంట కాదు. ఆకు పండించేదానికి సాయం చేసి, ఆ ఆకు తినే పురుగుని ఎండకి వదిలేస్తే సాయం సగంలో ఆగినట్టే.

ఎక్కువ డబ్బు అడగటం లేదు. మన పావగడలో పదమూడు వేల ఎకరాలు లీజుకి తీసుకుని 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. ఎకరాకి ఏడాదికి 21,000 అని మొదలుపెట్టారు. మా చుట్టాలు కొందరు అక్కడ ఉన్నారు. భూమి ఉన్నవాళ్లకు బాడుగ వస్తుంది, కూలికి పోయేవాళ్లకు పొలం పని పోయింది. అంత పెద్దది కట్టగలిగిన దేశంలో ఒక షెడ్డుకి ఒక కిలోవాటు పెద్ద లెక్క కాదు. పైగా దీంట్లో ఎవరి పనీ పోదు, ఎవరి భూమీ పోదు.

కుసుమ్ గడువు 2026 మార్చి అని పెట్టారు. తరువాతి విడతకు నియమాలు రాసేటప్పుడు మన మాట చేరాలి. నా మాట రెండే. ఒకటి, పట్టు రైతు తీసుకునే సోలార్ పంపుకి యూనివర్సల్ కంట్రోలర్ ధర కూడా సబ్సిడీ లెక్కలోకి రావాలి. రెండు, పంపు అర్హత లేని, లోతు బోర్లున్న మన తాలూకాల్లో, షెడ్డుకే ఒక కిలోవాటు ప్యానెళ్లు, రాత్రికి సరిపడా బ్యాటరీ, ఇనుప ఫ్రేముతో సహా ఇవ్వాలి. సిల్క్ సమగ్రలో షెడ్డు కట్టేదానికి సాయం ఉంది కదా, షెడ్డు అంచనాలోనే ఇది ఒక వరుసగా చేరిస్తే కొత్త పథకం కూడా అక్కర్లేదు. నీళ్ల సంగతి పట్టించుకునేవాళ్లకు ఇంకో మాట: ఎండని షెడ్డుకి వాడుకుంటే బోరు ఆ గంటలు విశ్రాంతి తీసుకుంటుంది.

"ఇవన్నీ అడిగితే ఇస్తారా?" అని మా చిన్నాయన నవ్వినాడు. ఇస్తారో లేదో తెలియదు. కానీ ఇప్పటిదాకా రేష్మె ఇలాఖాకి పోయిన ప్రతిసారీ మనం అడిగింది గూళ్ల ధర గురించి, గుడ్ల గురించి. కరెంటు వల్ల ఎన్ని పంటలు పోయినాయో కాగితం మీద లెక్క ఎవరి దగ్గరా లేదు. లెక్క లేకుండా అడిగితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు.

అందుకని ఒక పని చేద్దాం. షెడ్డు కొలత, దాంట్లో కూలర్లు ఫాగర్లు ఎన్ని, షెడ్డు ఊరి లైను మీద ఉందా పంపు లైను మీద ఉందా, పోయిన రెండు వేసవుల్లో కరెంటు లేక ఎన్ని కిలోలు పోయినాయి — ఈ నాలుగు సంగతులు రాసి గ్రూపులో నాకు పంపండి. రాయడం కష్టమైతే వాయిస్ మెసేజీ పెట్టండి, మా పాప రాసుకుంటుంది. విజయపుర, శిడ్లఘట్ట మార్కెట్లకు వచ్చేవాళ్లు నేరుగా కాగితం ఇచ్చినా సరే. హిందూపురం వైపు వాళ్లు కూడా పంపండి, మీ రాష్ట్రం వేరు కానీ కుసుమ్ ఒకటే. యాభై షెడ్ల లెక్క చేరిన రోజు అర్జీ రాసి అందరి సంతకాలతో జిల్లా రేష్మె ఇలాఖాకి, క్రెడెల్‌కి ఇద్దాం.

ఫోన్ చేసేవాళ్లు రాత్రి తొమ్మిది తరువాత చేయండి. మూడో జ్వరం నిన్ననే లేచినాయి, పగలంతా ఆకు పనే.